‘జింజర్’ వేరు ఎలా తవ్వాలి?

మా తొమ్మిదో తరగతి పిల్లలకి మాటల పుట్టుక వెతకడం నేర్పేటప్పుడు నేను ‘జింజర్’తో మొదలుపెడతాను. ‘ఆరెంజ్’ని ఇప్పటికే అందరూ అరగదీశారు.

ముందు నిఘంటువులో మాట వ్యుత్పత్తి చూడండి. ఫోన్లో విక్షనరీ అయినా చాలు. దొరికిన రూపాలన్నీ కొత్తదాని కింద పాతది వచ్చేలా నోట్‌బుక్‌లో రాసుకోండి: జింజర్, పాత ఫ్రెంచి జింజివ్రె, లాటిన్ జింగిబెర్, గ్రీకు జింగిబెరిస్, పాళీ సింగివేర. ఎక్కడ ఏ శబ్దం మారిందో గీత గీయండి. లాటిన్ ‘బ’ ఫ్రెంచిలో ‘వ’ అయింది కదా, అది ఇంకో మాటలోనూ జరిగిందా? జరిగింది: కలిగి ఉండటం అనే లాటిన్ మాట ‘హబేరె’ కాస్తా ఫ్రెంచిలో ‘అవ్వార్’ అయింది. ఇలా తోడు దొరక్కపోతే ఆ మెట్టుని నమ్మకండి. పోలిక చూసి మోసపోవడం చాలా తేలిక. ‘జాగ్రత్తగా’ అనే ఇంగ్లీషు మాట ‘జింజర్లీ’కి అల్లంతో చుట్టరికమే లేదు.

తర్వాత సరుకు ఏ దారిన వెళ్లిందో చూడండి. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ అల్లం అరేబియా వైపు పండుతుందని రాశాడు. ఆయనకి అది అటునుంచి అందేది మరి! పేరు మాత్రం మన వైపే వేలు చూపిస్తోంది.

అసలు చిక్కు చివర్లో ఉంది. సంస్కృతంలో ‘శృంగవేరం’ అంటారు, కొమ్ములాంటి ఒళ్లున్నదని. అల్లం ముక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ పండితులు ఇది ద్రావిడ మాటే అంటారు: అల్లానికి తమిళంలో ‘ఇంజి’, దానికి ‘వేర్’ చేరింది. మన వట్టివేరులో ఉన్న వేరే అది. కొమ్ము కథ తర్వాత అతికించింది.

మరి ‘ఇంజి’ ముందు ‘స’ ఏమైంది? దక్షిణాది ద్రావిడ భాషల్లో మాట మొదటి ‘చ’ (కొన్నిచోట్ల అదే ‘స’గా వినిపిస్తుంది) రాలిపోవడం ఉంది. మనం ఉప్పు అనేదాన్ని కొన్ని గోండి మాండలికాల్లో ‘సోవర్’ అంటారు, చూడండి. అందుకే పాత రూపాన్ని ‘చ’తో ఊహించి, ముందు * గుర్తు పెడతారు. ఆ గుర్తుంటే రాతలో ఎక్కడా దొరకలేదని అర్థం. దాన్ని వదిలేసి, ఇంగ్లీషంతా మన దగ్గర్నుంచే వెళ్లిందని వాట్సాప్‌లో పెట్టకండి. అంతెందుకు, మన తెలుగులోనే దాన్ని అల్లం అంటాం.

సొంతంగా ప్రయత్నించాలంటే సెంటు సీసాల మీద కనిపించే ‘వెటివర్’ తీసుకోండి. దారిలో ఫ్రెంచి తగులుతుంది.