మంట తగ్గాకే దాక ఎక్కించాలి

కార్తీకమాసంలో వనభోజనాలంటే పులిహోర, గుత్తివంకాయ, గారెలు. కోడి మాట ఎత్తకూడదు. ఆ నెల దాటితే మార్గశిరం. మా ఇంట్లో విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి భక్తి ఎక్కువ కాబట్టి గురువారాలు మా ఆవిడ నీచు ముట్టదు, ఇంకొకర్ని ముట్టనివ్వదు. అందుకే డిసెంబరులో ఏదో ఒక ఆదివారం చూసుకుని మా ఇంటివాళ్ళం, మా బావమరిది ఇంటివాళ్ళం కలిసి ఎనిమిది మందిమి భీమిలి దాటాక తెలిసినవాళ్ళ సరుగుడు తోటకి పోతాం. కట్టెల మీద కోడీ కూరగాయలూ కలిపి వండే పని నాది.

నేను షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను. వేడి ఎక్కడ కూర్చుందో చూడకుండా మంట చూసి మోసపోవద్దని కుర్రాళ్ళకి రోజూ చెప్పేవాణ్ణి. తీరా తోటలో పొయ్యి ముందు కూర్చుంటే నాకే ఆ మాట గుర్తు రాలేదు. మొదటి ఏడాది లావు కర్రలు పేర్చి, మంట భగ్గుమంటుండగానే దాక ఎక్కించేశాను. పావుగంటలో అడుగు మాడింది. ముక్క కొరికితే ఎముక దగ్గర పచ్చి. మా బావమరిది ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బావా ఇది, పైన బొగ్గు, లోపల కోడి?" అన్నాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్తుంటాడు.

ముందురోజు రాత్రే సగం పని అయిపోవాలి. ఎనిమిది మందికి కిలోన్నర కోడి, ఎముకతోనే కొట్టించండి. బోన్‌లెస్ ఇంట్లో బాగుంటుంది గానీ కట్టెల మీద పీచులా ఎండిపోతుంది. కప్పు పెరుగు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, అర చెంచా పసుపు, తగినంత ఉప్పు పట్టించి, మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున్న ఆ డబ్బాని ఐస్ పెట్టెలోకి మార్చండి. ఐస్ పెట్టె లేకపోతే నీళ్ళ సీసాలు నాలుగు రాత్రే గడ్డ కట్టించి, థర్మాకోల్ పెట్టెలో డబ్బా చుట్టూ పేర్చండి. డిసెంబరైనా మధ్యాహ్నం మన ఎండ ఎండే. పచ్చి మాంసం రెండు గంటలు బయట ఉందంటే ఇక దాన్ని నమ్మకూడదు.

కూరగాయలు ఎంవీపీ కాలనీ రైతు బజారులో పొద్దున్నే తీసుకుంటాను. అరకిలో బంగాళాదుంపలు, పావుకిలో కేరట్, పావుకిలో బీన్స్, రెండు మునక్కాడలు, చిన్న కాలీఫ్లవర్, నాలుగు టమాటాలు, పావుకిలో చిన్న ఉల్లిపాయలు. దుంపని నాలుగు ముక్కలకి మించి కొయ్యొద్దు, చిన్నగా కోస్తే కూరలో కనపడకుండా పోతుంది. ఏది ముందు వెయ్యాలో ఆ వరుసలో వేరే వేరే కవర్లలో కట్టుకుంటే అక్కడ టెన్షన్ ఉండదు. అన్నం మాత్రం ఇంట్లో వండి హాట్‌కేసులో పెట్టుకోండి. పొయ్యి ఒక్కటే, ఆకలి ఎనిమిది మందిది.

దాక అడుగుకీ పక్కలకీ తడిమట్టి పల్చగా పూయండి. మా అమ్మ చేసేది ఇలా. మసంతా మట్టికే పడుతుంది, గిన్నెకి అంటదు. పూలకుండీలో మట్టి చాలు. దారిలోనే ఉన్నాయి కదా అని ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగి గుప్పెడు తవ్వుకోవద్దు. అవి జాతీయ భూవారసత్వ స్థలం.

ఇక పొయ్యి. తోటవాళ్ళని అడగకుండా నిప్పు పెట్టొద్దు. ఒడ్డున ఇసకలో అసలే వద్దు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి, రాత్రి వెలుగు వాటిని, వాటి పిల్లల్ని దారి తప్పిస్తుంది. తోటలో నేలంతా ఎండిన సరుగుడు ఆకు పరుపులా పడి ఉంటుంది. అగ్గిపుల్ల తగిలితే చాలు, అంటుకుంటుంది. చుట్టూ నాలుగు బారల మేర ఊడ్చేసి కింది నేల కనపడేలా చెయ్యండి. ఊడ్చిన ఆకులో ఒక గుప్పెడు పక్కన పెట్టుకుంటే పొయ్యి రాజెయ్యడానికి అదే పనికొస్తుంది. రెండు బకెట్ల నీళ్ళు పక్కన పెట్టుకున్నాకే అగ్గిపెట్టె తియ్యాలి.

రాళ్ళు మూడు, ఎండినవి. గోస్తనీ సముద్రంలో కలిసేది భీమిలి దగ్గరే కాబట్టి నున్నటి రాళ్ళు ఏటి పక్కన దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, నీళ్ళు పీల్చుకున్న రాయి వేడికి పగులుతుంది. ఒకసారి మా పొయ్యి రాయి ఠపీమని పేలి పెంకు ఎగిరి నా లుంగీ మీద పడింది. పగటిపూట గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి పొయ్యి నోరు తూర్పుకి పెట్టొద్దు, నిప్పంతా చెదిరి ఇసక దాకలో పడుతుంది.

సరుగుడు కర్ర ఎండినదైతే మంచి నిప్పు పడుతుంది. జీడిగింజల పెంకులు దొరికాయని పొయ్యిలో వెయ్యకండి, వాటి నూనె పొగ కళ్ళు మండిస్తుంది. గన్నేరు కొమ్మ పొయ్యిలోకీ వద్దు, కలపడానికీ వద్దు, అది విషం. కర్రలు ముప్పావు గంట కాలనివ్వండి. ఈ ముప్పావు గంటే అందరూ ఓపిక పట్టలేనిది. మంట పడిపోయి, బొగ్గు మీద తెల్లటి బూడిద పల్చగా కమ్మినప్పుడు, జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి నెమ్మదిగా లెక్కపెట్టండి. రెండుకే చెయ్యి లాగేసుకుంటే వేడి ఎక్కువ. నాలుగు దాకా ఆగగలిగితే దాక ఎక్కించొచ్చు. ఎనిమిదైనా చెయ్యి హాయిగానే ఉంటే ఇంకో రెండు పుల్లలు కావాలి. పొయ్యి పక్కన చిన్న మంట ఒకటి వేరేగా మండుతుంటే నిప్పుకి కరువుండదు.

వంద గ్రాముల నూనె కాగాక చెక్క, లవంగాలు, చీల్చిన పచ్చిమిర్చి, చిన్న ఉల్లిపాయలు. ఉల్లి రంగు తిరిగాక కోడి మొత్తం వేసి, మూత లేకుండా పది నిమిషాలు కలుపుతుండాలి. నీరు ఊరుతుంది. అప్పుడు దుంపలు, కేరట్ వేసి, కింద నిప్పు సగానికి పక్కకి లాగి, అంచున్న మూత పెట్టి దాని మీద పదీపన్నెండు బొగ్గులు పెట్టండి. పైనా కిందా వేడి తగిలితేనే ముక్క ఎముక దాకా ఉడుకుతుంది. ఇరవై నిమిషాల తర్వాత బీన్స్, మునక్కాడలు, టమాటా. ఇంకో పది నిమిషాలకి కాలీఫ్లవర్. ఆ తర్వాత మరో ఎనిమిది నిమిషాలు. నీళ్ళు పొయ్యక్కర్లేదు. అడుగంటుతోందనిపిస్తే అర గ్లాసు వేడినీళ్ళు చాలు.

మూత తీసేటప్పుడు జాగ్రత్త. ముందు బొగ్గులు పట్టకారుతో దింపి, బూడిద ఊదేసి, పట్టకారుతోనే మూతని పడుకున్నదాన్ని పడుకున్నట్టే పక్కకి జరపాలి. ఇటు కాస్త వంచితే బూడిదంతా కూరలోకి జారుతుంది. ఒకసారి జారింది కూడా. మా మేనకోడలు "మిరియాలా మామయ్యా?" అంది. అవునన్నాను.

ఉడికిందా లేదా అన్నది తొడ ముక్క చెప్తుంది. లావుగా ఉన్నచోట, ఎముక పక్కన చీల్చి చూడండి. గులాబీ రంగు ఉండకూడదు, కారే నీరు తేటగా ఉండాలి. మావాడు థర్మామీటర్ కొనిచ్చాక దాన్నీ గుచ్చుతున్నాను. 74 డిగ్రీల సెల్సియస్ దాటితే భయం లేదు. పచ్చి కోడి ముట్టుకున్న గరిటెతో మాత్రం వడ్డించొద్దు. దింపాక కొత్తిమీర, ఒక నిమ్మకాయ.

పొయ్యి ఆర్పడానికి ఇసక కప్పేసి వచ్చేవాళ్ళు చాలామంది. నేనూ కప్పాను. గంట తర్వాత మా మేనల్లుడు బంతి కోసం పరుగెత్తి సరిగ్గా అక్కడే కాలేశాడు. ఇసక కింద నిప్పు ఆరదు, పైకి కనపడదు, అంతే. అరికాలు పొక్కింది. ఇప్పుడు రెండు బకెట్లూ పోసి, కర్రతో కెలికి, మళ్ళీ పోసి, చేతి వెనక వైపు పెట్టి చల్లగా ఉందనిపించాకే కారెక్కుతాం.

ఇంటికొచ్చాక దాక మీద నీళ్ళు కుమ్మరిస్తే మట్టి పెళ్ళలుగా ఊడి వచ్చేస్తుంది. లోపల అడుగంటినదాన్ని రాత్రంతా నానబెట్టి తోమాలి. ఆ వంతు మా బావమరిదిది.