వేరే బండి చక్రం మీ బండికి ఎక్కించడం ఎలా?

"చక్రం దూరింది కదన్నా, ఇంకేం కావాలి?" అని అడిగేవాళ్ళు నెలకి ఒకరైనా తగులుతారు. చేతిలో సుత్తి ఉంటే ఏదైనా దూరుతుంది. దూరడం వేరు, కూర్చోవడం వేరు. చక్రం కూర్చుందో లేదో తేల్చేవి దానికి రెండు పక్కలా వేసే బుష్‌లు, అంటే ఇరుసు (యాక్సిల్) మీద ఎక్కించే చిన్న లోహపు గొట్టం ముక్కలు. వాటిని కొలవకుండా ఈ పని చేసిన ప్రతివాడూ రెండు నెలల్లో బేరింగ్ పోయిందనో, చైన్ అరుస్తోందనో మళ్ళీ వస్తాడు.

ఉదాహరణకి యమహా ఆర్‌ఎక్స్ 100 తీసుకుందాం. 1985 నుంచి 1996 దాకా తయారైన బండి. రెండూ 18 అంగుళాల స్పోక్ చక్రాలు, రెండు వైపులా డ్రమ్ బ్రేకులు. ఇప్పటి కుర్రాళ్ళు దాన్ని బాగు చేయించుకున్నాక మొదట అడిగేది అలాయ్ చక్రాలే, అంటే పుల్లలు లేకుండా ఒకే ముక్కగా పోతపోసినవి. వెనక చక్రం సంగతే చెప్తాను. వెనకది వచ్చినవాడికి ముందుది పెద్ద పని కాదు, స్పీడోమీటర్ కేబుల్ గేరు సరిపోయేలా చూసుకుంటే చాలు.

ముందు రెండు మాటలు. ఏబీఎస్ (బ్రేకు కొట్టినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే ఇక్కడితో ఆపేయండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి. సెన్సర్ రింగు పళ్ళ లెక్క, టైరు చుట్టుకొలత మారితే బ్రేకు ఎప్పుడు వదులుతుందో, ఎప్పుడు పట్టుకుంటుందో మీ చేతిలో ఉండదు. రెండోది, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళ కళ్ళు నేరుగా ఆ చక్రం మీదే పడతాయి. అది తెలిసే దిగండి.

కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్ అయినా, మీ ఊళ్ళో పాత సామాన్ల కొట్టయినా, చక్రం ఒక్కటే కొనకండి. బ్రేక్ ప్లేట్, స్ప్రాకెట్ కూర్చునే కప్లింగ్, దాని రబ్బర్లు, యాక్సిల్ రాడ్, రెండు పక్కల బుష్‌లు, అన్నీ ఒకే బండివి కావాలి. కప్లింగ్ బేరింగ్‌కీ హబ్ (చక్రం నడిమి భాగం) బేరింగ్‌కీ మధ్య ఒక చిన్న బుష్ ఉంటుంది. కొట్టువాడు దాన్ని ఎప్పుడూ మర్చిపోతాడు. అడిగి తీసుకోండి. రిమ్‌ని తిప్పి చూసి ఔట్ (వంకర) ఉంటే వదిలేయండి. వెల్డింగ్ చేసిన అలాయ్ ఊరికే ఇచ్చినా వద్దు.

చైన్ నంబర్ కూడా చూడండి. 428 చైన్ పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) 12.7 ఎంఎం, 520 ది 15.875. ఒకదాని స్ప్రాకెట్ మీద ఇంకోటి కూర్చోదు.

రిమ్ చిన్నదైతే చక్రం చిన్నదవుతుందని అందరూ అనుకుంటారు. ఆర్‌ఎక్స్ అసలు వెనక టైరు 2.75-18 లెక్కేస్తే ఎత్తు సుమారు 597 ఎంఎం. 17 అంగుళాల రిమ్‌కి 100/90 టైరు వేస్తే 612 వస్తుంది. చిన్న రిమ్ మీద చక్రం పెద్దదైంది! కాబట్టి మడ్‌గార్డుకీ, చైన్ కవర్‌కీ తగులుతుందేమో ముందే చూసుకోండి. నన్నడిగితే 18 కి 18 వేయడమే పద్ధతి. 17 వేసిన ఆర్‌ఎక్స్ వెనక నుంచి చూస్తే కూర్చుండిపోయిన బర్రెలా ఉంటుంది.

పనిముట్లకి వస్తే వెర్నియర్, పొడుగు స్కేలు, తాపీమేస్త్రీల నూలుదారం, స్పానర్లు చాలు. బండిని సెంటర్ స్టాండ్ వేసి పాత చక్రం విప్పండి. అది చెప్పనక్కర్లేదు.

బేరింగ్

మీ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే చేతులు) రంధ్రంలో పట్టే యాక్సిల్ మందం, కొత్త హబ్ బేరింగ్ రంధ్రం ఒకటే అయితే అదృష్టం. కాకపోతే స్వింగ్ ఆర్మ్‌ని డ్రిల్ చేయకండి, బేరింగ్ మార్చండి. బేరింగ్ నంబర్లలో ఒక సౌకర్యం ఉంది. 6300, 6202 రెండిటికీ బయటి కొలత 35, మందం 11. కానీ లోపలి రంధ్రం మొదటిదానికి 10, రెండోదానికి 15. అలాగే 6201 కీ 6002 కీ బయట 32 ఎంఎం, లోపల 12, 15. అక్కడ మందం మాత్రం ఒక ఎంఎం తేడా. ఆ ఒక్క ఎంఎం బయటి బుష్‌లో కలపాలి. ఈ దారీ కుదరకపోతే లేత్‌లో మెట్టు బుష్ తీయించి బేరింగ్ లోపలికి దింపాలి. ఆ బుష్ గోడ ఒకటిన్నర ఎంఎం కన్నా పలచనైతే నేను ఒప్పుకోను.

అసలు కష్టమంతా ఇక్కడే

హబ్ లోపల, రెండు బేరింగ్‌ల మధ్య ఒక పైపు ఉంటుంది. కొందరు మెకానిక్‌లు దాన్ని అడ్డం అనుకుని తీసి పారేస్తారు. యాక్సిల్ నట్టు బిగిస్తే ఆ బిగువంతా బయటి బుష్ నుంచి బేరింగ్ లోపలి రింగుకి, అక్కడి నుంచి ఈ పైపుకి, మళ్ళీ అవతలి రింగుకి పోవాలి. పైపు లేకపోయినా, పొట్టిదైనా ఆ బిగువు బేరింగ్‌లోని గుళ్ళ (ఉక్కు గోళీల) మీద పడుతుంది. గుళ్ళు పక్కకి ఒరుసుకుంటూ తిరిగి కొన్ని వందల కిలోమీటర్లకే పొడైపోతాయి. బేరింగ్‌లు ఆనే రెండు అంచుల మధ్య దూరం ఎంతో, పైపు అంతకన్నా 0.1 నుంచి 0.2 ఎంఎం ఎక్కువ ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు. దాని రంధ్రం కూడా మీ యాక్సిల్‌కి సరిపోవాలి.

ఇక బయటి బుష్‌లు. ఇక్కడ అందరూ చేసే తప్పు, మిగిలిన ఖాళీని రెండుగా పంచడం. ఒక లెక్క చెప్తాను, అంకెలు మీవి పెట్టుకోండి. స్వింగ్ ఆర్మ్ లోపలి వెడల్పు 170 ఎంఎం. కొత్త చక్రం బ్రేక్ ప్లేట్, కప్లింగ్ సహా పేర్చి కొలిస్తే 138. ఖాళీ 32. పదహారు, పదహారు అని లేత్ షాపుకి పరిగెత్తకండి. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి స్కేలు ఆనించి కొలవండి. రిమ్ నడిమధ్య చైన్ వైపు ముఖం నుంచి 74, బ్రేకు వైపు నుంచి 64 అనుకోండి. ఆర్మ్ మధ్య 85. కాబట్టి చైన్ వైపు బుష్ 11, బ్రేకు వైపు 21. పదహారేసి పంచి ఉంటే రిమ్ 5 ఎంఎం పక్కకి జరిగి, చేయి వదిలితే బండి లాగేసేది. స్పోక్ చక్రం అయితే పుల్లలు లాగి సరిచేయొచ్చు. అలాయ్‌కి ఆ అవకాశం లేదు. ఉన్నదంతా బుష్‌లోనే.

ఆర్మ్ మధ్యే బండి మధ్య అని కూడా నమ్మకండి. పాత బండ్ల ఆర్మ్‌లు వంగి ఉంటాయి. దారాన్ని వెనక టైరు రెండు పక్కలా ఆనించి ముందు టైరు దాకా లాగండి. ముందు టైరుకి రెండు వైపులా ఖాళీ సమానంగా కనిపించాలి. నేను కూడా మొదట్లో ఆర్మ్ మీది గీతల్ని నమ్మి ఒక బండి చేశాను. తరవాత పివోట్ (ఆర్మ్ ఫ్రేముకి తగిలే ముందు బోల్టు) నుంచి యాక్సిల్ దాకా కొలిస్తే ఒక పక్క 4 ఎంఎం తేడా! అప్పటి నుంచి గీతల వైపు చూడను.

చక్రం మధ్యలో కూర్చున్నాక స్ప్రాకెట్ చూడండి. ఇంజన్ స్ప్రాకెట్ నుంచి స్కేలు ఆనిస్తే వెనకది దాని వరసలోనే ఉండాలి. 3 ఎంఎం లోపలికుంటే కప్లింగ్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య అంత మందం రింగు ప్లేటు ఒకటే వేయించండి. బోల్టుకో వాషర్ వేసే పని పెట్టుకోకండి. బయటికుంటే కప్లింగ్ ముఖాన్ని లేత్‌లో తగ్గించాలి. చైన్ కోసం చక్రాన్ని పక్కకి జరిపే మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి, బండి తెచ్చేసుకోండి.

బుష్‌లు ఈఎన్8 అనే గట్టి రకం స్టీలువే తీయించండి. అల్యూమినియం తేలిక అంటారు కానీ నాలుగుసార్లు బిగిస్తే అంచు నలిగి కొలత తప్పుతుంది. బుష్ బేరింగ్ లోపలి రింగుకి మాత్రమే ఆనాలి, సీలుకి తగలకూడదు. రెండు ముఖాలూ సమాంతరంగా రావాలని టర్నర్‌కి చెప్పండి. "వాషర్లు పేర్చేద్దాం సార్" అంటే ఇంకో షాపు చూసుకోండి.

బ్రేక్ ప్లేట్

బ్రేకు కొట్టినప్పుడు ప్లేట్ చక్రంతోపాటు తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది స్వింగ్ ఆర్మ్‌కి కట్టిన టార్క్ రాడ్. రెండు బండ్లలో దాని చోటు ఒకటి కాకపోతే గట్టి ప్లేటుతో కొత్త రాడ్ చేయించాలి. పలచటి పట్టీ వేస్తే వంగుతుంది, బ్రేకు రాడ్ చుట్టుకుంటుంది, చక్రం లాక్ అవుతుంది. బోల్టుకి స్ప్లిట్ పిన్ లేకుండా బండి రోడ్డెక్కించకండి.

బిగించాక

నట్టు వదులుగా ఉన్నప్పుడు చక్రం తిప్పండి, బిగించి మళ్ళీ తిప్పండి. బిగించాక బరువెక్కితే లోపలి పైపు పొట్టిది. తేలిగ్గానే తిరుగుతూ పక్కకి టకటకలాడితే బయటి బుష్ చాలలేదు. రెండిట్లో ఏదున్నా మళ్ళీ విప్పాల్సిందే. "నడిస్తే సర్దుకుంటుంది" అనేది ఇనుముకి వర్తించదు.

మొదట ఒంటరిగా 5 కిలోమీటర్లు నడిపి హబ్ మీద చేయి పెట్టండి. చేయి ఉంచలేనంత వేడి ఉంటే బ్రేకు పట్టేస్తున్నట్టు, లేదా బేరింగ్ మీద బిగువు పడుతున్నట్టు. 50 కిలోమీటర్లకి నట్లన్నీ ఒకసారి చూడండి. పాత చక్రాల్ని అమ్మేయకండి, అటక మీద పెట్టుకోండి.

ఇంకో పని. లేత్‌లో ఉండగానే చైన్ వైపు బుష్ మీద ఒక గీత, బ్రేకు వైపు దాని మీద రెండు గీతలు కొట్టించి, ఆ కొలతలు కాగితం మీద రాసి సీటు కింద అతికించండి. మా తమ్ముడు ఒకసారి సూర్యాపేట దగ్గర పంచరు వేయించుకున్నాడు. షాపు అబ్బాయి 11 ది, 21 ది అటూ ఇటూ మార్చి బిగించాడు. చైన్ స్ప్రాకెట్ పళ్ళెక్కి కూర్చుంది. మావాడు బండిని ఆటో ట్రాలీలో ఇంటికి తెచ్చాడు.