ఫీల్డ్ పాయింట్‌తో సూటిగా, బ్రాడ్‌హెడ్‌తో ఎక్కడికో: పెద్ద ఎలుగుల వేటకు ముందు విల్లు సమస్యలు - పరిష్కారాలు

విల్లు పట్టుకోవడం నేర్పడానికి ఇది రాయడం లేదు. మీ దగ్గర రికర్వో (కొసలు ముందుకు వంగిన విల్లు) లాంగ్‌బోవో (పొడవాటి సాదా విల్లు) ఉంది, 20 గజాల నుంచి అరచేతి వెడల్పులో బాణాలు దించగలరు, అలాస్కాలో గోధుమరంగు ఎలుగు వేటకు గైడ్‌తో మాట కూడా అయిపోయింది. తీరా బ్రాడ్‌హెడ్‌లు (వేటకు వాడే పదునైన రెక్కల మొనలు) ఎక్కించి వేస్తే బాణం మాట వినడం లేదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే.

ముందు కొలబద్ద తీయండి

ఏ సమస్యతో వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: బ్రేస్ హైట్ ఎంత? అంటే పిడి లోపలి గుంట నుంచి నారి దాకా ఉన్న దూరం. "కొన్నప్పుడు చూశాను" అంటారు. అది ఇప్పుడెందుకు పనికొస్తుంది? కొత్త నారి సాగుతుంది, డాక్రాన్ (పాలియెస్టర్ దారం) నారి అయితే మరీనూ. వారం తిరిగేసరికి పావు అంగుళం తగ్గిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. తెలిసేదల్లా చప్పుడు పెరగడం, చేతిలో అదురు, నారి మణికట్టును చరచడం, నిన్నటిదాకా ఒకేచోట పడ్డ బాణాలు ఇవాళ చెదరడం.

లాంగ్‌బోలకు సాధారణంగా 6 నుంచి 7.5 అంగుళాలు, రికర్వ్‌లకు 7 నుంచి 9 అంగుళాల మధ్య ఉంటుంది. తయారీదారు చెప్పిన అంకె దగ్గర మొదలుపెట్టండి. నారి దించి, ఒక కొసన లూప్ తీసి, పేనిన వైపే నాలుగైదు మెలికలు వేసి మళ్లీ ఎక్కించండి. మూడు బాణాలు వేయండి. చప్పుడు బాగా తగ్గిన చోట ఆపి, ఆ అంకెను లింబ్ (విల్లులో వంగే భాగం) లోపలివైపు పెన్సిల్‌తో రాసుకోండి. ఈ పని ఐదు నిమిషాలది. ఇది చేయకుండా డజను కొత్త షాఫ్ట్‌లు (బాణపు పుల్లలు) కొనుక్కొచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో! గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమే.

బ్రేస్ హైట్ మారితే కింద చెప్పేవన్నీ మారతాయి. అందుకే ఇది మొదట.

లక్షణం: బాణం తోక ఎగరేసుకుంటూ పోతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫీల్డ్ పాయింట్‌తో, అంటే సాధనకు వాడే రెక్కల్లేని మొనతో, వేసినప్పుడు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. 5 అంగుళాల ఈకలు మూడు ఉంటే ఎంత వంకర బాణాన్నైనా పది పన్నెండు గజాల్లో దారికి తెచ్చేస్తాయి. బ్రాడ్‌హెడ్ ఎక్కిస్తే మొనకు కూడా రెక్కలొచ్చినట్టే. ముందు రెక్కలు ఒకవైపు, వెనక ఈకలు ఇంకోవైపు లాగుతాయి. అప్పుడు బాణం కిందో పైనో పడుతుంది, గాలిలో తోక ఊపుతూ కనిపిస్తుంది.

సరే, ఈకలు లేని బాణం ఒకటి తీసుకుని, అదే బరువున్న ఫీల్డ్ పాయింట్ పెట్టి 10 గజాల నుంచి వేస్తారు. (ఈకలు లేని బాణానికి బ్రాడ్‌హెడ్ పెట్టి ఎప్పుడూ వేయకండి, ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.) టార్గెట్‌లో దిగిన షాఫ్ట్ తోక పైకి లేచి ఉంది. పాఠం ప్రకారం నారి మీద నాకింగ్ పాయింట్ (బాణం తోకను తగిలించే చోటు) ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. దించాలి. దించుతారు. తోక ఇంకా పైకి లేస్తుంది. ఇంకా దించుతారు.

మూడు సాయంత్రాలు నేను ఇదే పని చేశాను. నా వదిలే తీరులో తప్పుందేమోనని అద్దం ముందు నిలబడి మరీ చూసుకున్నాను. నాలుగో రోజు ఈకలున్న బాణం ఒకటి చేతిలో తిప్పుతుంటే, షెల్ఫ్ (విల్లు మీద బాణం ఆనే గట్టు) వైపు ఉండే కింది ఈక మొదట్లో, కాడ షాఫ్ట్‌కు అతికే చోట, గోరంత మేర జిగురు లేచిపోయి కనిపించింది. విల్లు తిప్పి చూస్తే షెల్ఫ్ మీది తోలులో ఒకచోట నున్నగా మెరుపు. అప్పటికి గాని నాకు బుర్ర వెలగలేదు.

నాకింగ్ పాయింట్ మరీ కిందకు ఉంటే, వదలగానే బాణం వెనక భాగం షెల్ఫ్‌ను గుద్దుకుంటుంది. గుద్దుకుని బంతిలా పైకి లేస్తుంది. టార్గెట్‌లో మనకు కనిపించేది ఆ లేచిన తోక. అంటే పాయింట్ ఎక్కువైనా తోక పైకే, తక్కువైనా తోక పైకే! మనం దించేకొద్దీ ఇంకా గట్టిగా గుద్దుకుంటుంది, ఇంకా లేస్తుంది. రోగం ముదరడానికే మందేసుకున్నట్టు.

పట్టుకోవడం తేలికే. ఈకల మీదా షాఫ్ట్ వెనక సగం మీదా టాల్కమ్ పౌడర్ దట్టంగా అద్ది ఒక బాణం వేయండి. షెల్ఫ్ మీద తెల్లటి మరక పడిందంటే తగులుతున్నట్టే. ఈకలు షెల్ఫ్‌ను కొద్దిగా రాసుకుంటూ పోవడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. షాఫ్ట్ తగిలిన గీత మాత్రం పడకూడదు.

సరిచేయడానికి ఒకటే పద్ధతి: పైనుంచి కిందకు రండి, కింద నుంచి పైకి వెళ్లొద్దు. బో స్క్వేర్ (నారికి తగిలించే మూలమట్టం) పెట్టి నాకింగ్ పాయింట్‌ను షెల్ఫ్ మట్టం కన్నా ముప్పావు అంగుళం ఎత్తుకు తీసుకెళ్లండి. మూడు వేళ్లూ బాణం కింద పెట్టి లాగేవాళ్లైతే ఇంకాస్త పైకి. అక్కడ కూడా తోక పైకే ఉంటుంది, కానీ ఈసారి అది నిజం. అక్కడి నుంచి అంగుళంలో పదహారో వంతు చొప్పున దించుతూ, ప్రతిసారీ ఈకలు లేనివి మూడు వేయండి. తోక తగ్గుతూ వస్తుంది. సమానమైన చోట ఆపేయండి. రవ్వంత పైకే మిగిలినా నేను పట్టించుకోను. కిందకు మాత్రం వెళ్లనివ్వను.

నాకింగ్ పాయింట్‌గా ఇత్తడి రింగు బిగిస్తే ఇన్నిసార్లు జరపడం నరకం. దారంతో కట్టుకోండి. నారి మీద చుట్టిన సర్వింగ్ దారమే స్క్రూలా పనిచేస్తుంది కాబట్టి, కట్టిన ముడిని నట్టులా తిప్పితే పైకీ కిందకీ జరుగుతుంది. అంతా కుదిరాక ఒక చుక్క జిగురు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి తగులుతూనే ఉంటుంది. బాణం పైన ఒక్క ముడే ఉంటే, వదిలే క్షణంలో నాక్ (బాణం తోకలో నారిని పట్టే గాడి) నారి మీద కిందకు జారిపోగలదు. బాణం కింద కూడా ఒక ముడి వేయండి. రెంటి మధ్యా నాక్ బిగుసుకోకుండా సన్నటి ఖాళీ ఉండాలి. నాక్ మరీ బిగుతుగా ఉన్నా ఇదే గోల: బాణాన్ని నారికి వేలాడదీసి నారిని వేలితో తట్టండి, ఊడి పడాలి. పడకపోతే నాక్ మార్చండి.

లక్షణం: బాణం పక్కకు పోతోంది

నిలువు సంగతి తేలాకే దీని జోలికి రండి. కుడిచేత్తో లాగేవాళ్లకు ఈకలు లేని బాణం కుడికి పడితే షాఫ్ట్ మెతక, ఎడమకు పడితే గట్టి. మెతకైతే మొన బరువు తగ్గించండి లేదా షాఫ్ట్ కొద్దికొద్దిగా కోయండి. గట్టిదైతే మొన బరువు పెంచండి. ఇక్కడా అదే మోసం ఉంది: మరీ గట్టి షాఫ్ట్ విల్లు పక్కగోడను గుద్దుకుని కుడికి ఎగిరి మెతకదానిలా నటిస్తుంది. కోసే ముందు మొన బరువు 50 గ్రెయిన్లు (బాణాల బరువుకు వాడే చిన్న కొలత) పెంచి చూడండి. కుడికి పోవడం తగ్గితే కత్తి పక్కన పెట్టేయండి. కోసిన షాఫ్ట్ మళ్లీ పెరగదు.

లక్షణం: ఒకటి రెండు బాణాలే తేడా

విల్లు జోలికి పోవద్దు. బ్రాడ్‌హెడ్ కొనను అరచేతిలోని చెక్కముక్క మీద ఆనించి బాణాన్ని బొంగరంలా తిప్పండి. మొన దగ్గర వణికితే వంకరగా దిగినట్టు. హాట్ మెల్ట్ జిగురైతే వేడిచేసి కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి.

లక్షణం: బాణం లోతుగా దిగడం లేదు

అలాస్కా నిబంధన గోధుమరంగు ఎలుగుకు కనీసం 50 పౌండ్ల విల్లు, 300 గ్రెయిన్ల బాణం అంటుంది. విల్లు సంగతి తర్వాత చెబుతాను. 300 గ్రెయిన్ల బాణంతో మాత్రం నేను వెళ్లను, ఎవరినీ వెళ్లమనను. బాణాలు ఎంత లోతు దిగుతాయో ఏళ్ల తరబడి పరీక్షించిన ఎడ్ ఆష్బీ 650 గ్రెయిన్ల పైమాటే చెప్పాడు. ఆయన లెక్కలో మొదటిది బాణం విరగకుండా ఉండటం, రెండోది సూటిగా పోవడం. బరువు ఆ తర్వాతే. అందుకే పైన అంత గొడవ. వంకరగా తగిలిన బాణం శక్తంతా ఊగడానికే ఖర్చైపోతుంది.

ఎలుగుకు ఇది మరీ ముఖ్యం. అలాస్కాలోని కోడియాక్ దీవి మగ ఎలుగు 1,500 పౌండ్ల దాకా తూగగలదు. బాణం దిగిన రంధ్రాన్ని కొవ్వు మూసేస్తుంది, కారిన కాస్త నెత్తురునూ దట్టమైన బొచ్చు పీల్చేస్తుంది. బాణం అవతలికి దూసుకుపోకపోతే జాడ దొరకడం కష్టం. రెండు రెక్కల గట్టి బ్రాడ్‌హెడ్, వెంట్రుకలు గీసేంత పదును. జంతువు పక్కకు తిరిగి ఉన్నప్పుడో, కాస్త అవతలి వైపు మళ్లినప్పుడో మాత్రమే వేయాలి. ఎదురుగా ఉన్నప్పుడు వద్దు.

లక్షణం: ఇంటి దగ్గర బాగుంది, క్యాంపులో చెడింది

రెండే కారణాలు. ఒకటి వాన. తడిసిన ఈకలు షాఫ్ట్‌కు అతుక్కుపోతాయి, అప్పటిదాకా అవి దాచిపెట్టిన తప్పంతా బయటపడుతుంది. ఈకలు లేని బాణంతో సరిచూసుకున్నవాడికి వానలో పెద్ద తేడా రాదు. ఈకలకు నీరంటని పౌడర్ పట్టించి, అమ్ములపొదిలో ఈకల మీద ప్లాస్టిక్ సంచి తొడగండి.

రెండోది బట్టలు. లావు జాకెట్ వేసుకుంటే లాగే దూరం అంగుళం తగ్గుతుంది, దాంతో రెండున్నర మూడు పౌండ్లు పోతాయి. లింబ్ మీద రాసిన బరువు 28 అంగుళాల దగ్గరిది. మీరు లాగేది 26 అయితే 55 పౌండ్ల విల్లు మీ చేతిలో 50కి అటూ ఇటూ, అంటే నిబంధన అంచు మీద ఉన్నట్టే. వేటకు వేసుకునే బట్టలే వేసుకుని, కూర్చుని, మోకాళ్ల మీద నిలబడి సాధన చేయండి. ముంజేతి మీద గుడ్డ వదులుగా ఉంటే నారి దాన్ని పట్టుకుంటుంది, ఆర్మ్‌గార్డ్ జాకెట్ పైనుంచి కట్టండి.

మిగతావి

లింబ్ మెలితిరగడం, టిల్లర్ (రెండు లింబ్‌లూ సమంగా వంగడం) తప్పడం, షాఫ్ట్ లోపలి లోపం: ఉంటాయి, కానీ అరుదు. విల్లు కొస నుంచి నారి వెంట ఒక కన్నుతో చూస్తే మెలిక తెలిసిపోతుంది. లింబ్‌లో పగులు కనిపిస్తే మాత్రం ఆ విల్లుతో ఇంకొక్క బాణం కూడా వేయొద్దు, నారి దించి పక్కన పెట్టేయండి.