మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ ప్రచురణల ధోరణిని పబ్‌మెడ్‌తో లెక్కగట్టడం ఎలా?

నెల్లూరులోనో ఒంగోలులోనో వైద్య కళాశాలలో పీజీ చదువుతూ, పెద్దగా ఖర్చు లేకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తి చేయగల పరిశోధన కోసం చూస్తున్నవారికి ప్రచురణల ధోరణిని, అంటే ఒక అంశంపై ఏటా ఎన్ని వ్యాసాలు వెలువడుతున్నాయో, లెక్కగట్టడం అనువైన పని. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్, అంటే ఆసుపత్రి రికార్డులు, టెలిమెడిసిన్, రోగనిర్ధారణకు సాయపడే సాఫ్ట్‌వేర్ వంటివాటిని అధ్యయనం చేసే శాస్త్రం, ఇందుకు మంచి క్షేత్రం. అయితే గ్రాఫు పైకి లేచిన ప్రతిచోటా పరిశోధన పెరిగిందని రాసేయడానికి వీల్లేదు. చాలా సందర్భాలలో అక్కడ మారింది పరిశోధన కాదు, పద్దు రాసే పద్ధతి. ఈ రెంటినీ వేరు చేయడమే ఈ పనిలో అసలు కష్టం కనుక, దానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ప్రశ్నను బిగించుకోవాలి. 'మెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో పరిశోధన ఎలా సాగుతోంది' అన్నది ప్రశ్న కాదు, ప్రసంగానికి శీర్షిక. '2015 నుంచి 2024 వరకు ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డులపై వెలువడిన వ్యాసాలలో భారతీయ సంస్థల వాటా ఎంత' అన్నది లెక్కకు లొంగే ప్రశ్న.

పరిశోధన వ్యాసాల వివరాలను పోగుచేసే భాండాగారాలలో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ చందా కట్టిన సంస్థలకే పూర్తిగా అందుతాయి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ 1997 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో ఇప్పుడు 3.7 కోట్లకు పైగా పద్దులు, అంటే ఒక్కో వ్యాసం వివరాల నమోదులు, ఉన్నాయి. ఒక వ్యాసాన్ని ప్రపంచంలో ఎందరు ఉదహరించారన్న పూర్తి లెక్క పబ్‌మెడ్ ఇవ్వదు. అది కావలసినవారు ఓపెన్‌అలెక్స్ వంటి ఉచిత భాండాగారాన్ని ఆశ్రయించాలి. మొదటిసారి ఈ పనికి దిగేవారు ఉదాహరింపుల జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

వెతకడానికి వాడే పదం దగ్గర తొందర పనికిరాదు. పబ్‌మెడ్‌లో మెష్ అనే నియత పదజాలం ఉంది. పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లో చేరిన ప్రతి వ్యాసానికి దాని విషయాన్ని బట్టి ఆ పదాలను తగిలిస్తారు. పదబంధాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, వెంటనే స్క్వేర్ బ్రాకెట్లలో మెష్ అని చేరిస్తే, శీర్షికలో ఆ మాట లేని వ్యాసాలు కూడా దొరుకుతాయి. మెష్ పదాలు చెట్టు కొమ్మల్లా అమరి ఉంటాయి కనుక, పై పదాన్ని వెతికితే దాని కింది పదాలన్నీ వాటంతట అవే కలిసి వస్తాయి. కానీ టెలిమెడిసిన్ వేరే కొమ్మల మీద ఉంటుంది. దానిని విడిగా చేర్చకపోతే మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అనగానే మనకు తట్టే పనిలో పెద్ద భాగం లెక్కలోకి రాకుండా పోతుంది.

ప్రతి మెష్ పదానికీ పుట్టిన సంవత్సరం ఉంటుందన్నది మరవకూడదు. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ 1987లో, టెలిమెడిసిన్ 1993లో, ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్స్ 2010లో, మెషీన్ లెర్నింగ్ 2016లో ఆ పదజాలంలో చేరాయి. ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్స్ అనే మెష్ పదం ఒక్కదానితోనే గ్రాఫు గీస్తే, 2010 దగ్గర ఏదో విప్లవం వచ్చినట్టు గీత నిటారుగా లేస్తుంది. అంతకు ముందు ఆ వ్యాసాలన్నీ కంప్యూటరీకరించిన వైద్య రికార్డుల వ్యవస్థలు అనే అర్థమిచ్చే పాత పదం కింద ఉండేవి. కనుక పాత పదాన్ని, కొత్త పదాన్ని, శీర్షికలోనూ సారాంశంలోనూ వెతికే మామూలు మాటలను 'ఆర్' (OR, లేదా) తో కలిపి ఒకే వాక్యంగా రాసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మెష్ పదాలను తగిలించే పని ప్రధానంగా కంప్యూటరే చేస్తున్నది కనుక, ఆ సంవత్సరం దగ్గర కనిపించే చిన్న మలుపులకు కథలు అల్లకూడదు.

ఫలితాల పక్కన సంవత్సరాల వారీగా కనిపించే పట్టీల గ్రాఫును నేరుగా దింపుకోవచ్చు గాని, దానిని తుది లెక్కగా తీసుకోవద్దు. ఆన్‌లైన్‌లో ఒక ఏడాది, అచ్చులో మరుసటి ఏడాది వెలువడిన వ్యాసం అందులో రెండు సంవత్సరాలలోనూ లెక్కకు రావచ్చు. పద్దులను సీఎస్వీ ఫైలుగా దింపుకుని, అందులోని ప్రచురణ సంవత్సరం గడిని బట్టి ఎక్సెల్‌లో లెక్కించడం నమ్మదగిన పద్ధతి. ఒకసారికి 10,000 పద్దులే దిగుతాయి కనుక ఏడాది చొప్పున విడగొట్టుకోవాలి. సీఎస్వీ ఫైలులో రచయితల సంస్థల వివరాలు ఉండవు. అవి కావాలంటే పబ్‌మెడ్ ఫార్మాట్ అనే ఎంపికతో దింపుకోవాలి.

ఆ పైన భాగహారం. పబ్‌మెడ్‌లో ఇప్పుడు ఏటా పది లక్షలకు పైగా కొత్త పద్దులు చేరుతున్నాయి, అంటే కాలువలో నీరు పెరిగితే ప్రతి మడిలోనూ పెరిగినట్టే ఉంటుంది. మీ అంశంపై పదేళ్లలో వ్యాసాలు 200 నుంచి 400 కు పెరిగాయని, అదే కాలంలో మొత్తం పద్దులు కూడా రెట్టింపయ్యాయని అనుకుందాం. అప్పుడు ఆ అంశం వాటా అంగుళం కూడా కదలలేదు. అందుకే ప్రతి సంవత్సరానికీ మొత్తం పద్దుల సంఖ్యను కూడా తీసి, లక్షకు ఎన్ని అన్న లెక్కలో రెండో గ్రాఫు గీయాలి. నడుస్తున్న సంవత్సరాన్ని లెక్కలోంచి తీసేయాలి. లేకపోతే గీత చివర ఉత్తుత్తి పతనం కనిపిస్తుంది.

మన రాష్ట్రం సంగతికి వస్తే 2014 సంవత్సరం దగ్గర రెండు గోతులున్నాయి. 1988 నుంచి 2013 వరకు మెడ్‌లైన్ పద్దులలో మొదటి రచయిత సంస్థను మాత్రమే నమోదు చేసేవారు. 2014 నుంచి రచయితలందరి సంస్థలూ ఎక్కుతున్నాయి. దాంతో ఏ ఊరి పేరుతో వెతికినా, ఏ దేశం పేరుతో వెతికినా 2014 తరువాత సంఖ్య పెరిగి తీరుతుంది. అదే ఏడాది జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. అంతకు ముందు హైదరాబాదు సంస్థలన్నీ చిరునామాలో ఆంధ్రప్రదేశ్ అని రాసుకునేవి, ఆ తరువాత తెలంగాణ అని రాస్తున్నాయి. ఒకటి గీతను పైకి నెడుతుంది, మరొకటి కిందికి లాగుతుంది, రెండూ కలిసి ఏమీ జరగనట్టు కూడా కనిపించవచ్చు. దీనికి మందు ఒకటే: అన్ని సంవత్సరాలకూ మొదటి రచయిత చిరునామానే లెక్కించడం, రాష్ట్రం పేరు బదులు ఊళ్ల పేర్లతో వెతకడం. జిల్లా పేరును కూడా నమ్మలేము. 2022 ఏప్రిల్ 4 పునర్విభజనతో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

సంస్థల పేర్లలో చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ఒంగోలు కళాశాల కోసం రిమ్స్ అనే పొట్టి పేరుతో వెతికితే కడప, శ్రీకాకుళంతో పాటు ఇంఫాల్, రాంచీల రిమ్స్‌లు కూడా వరస కడతాయి. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఒక వ్యాసంలో ఏసీఎస్ఆర్ అనీ, మరొక వ్యాసంలో ఏ.సి. సుబ్బారెడ్డి అనీ ఉండవచ్చు. కనుక ఊరి పేరుతో వెతికి, వచ్చిన చిరునామాలను కంటితో చదివి, ప్రతి సంస్థకూ ఒకే పేరు పెట్టుకోవడం తప్పదు.

ఎక్సెల్‌లో ఇండియా అనే అక్షరాల కోసం వెతికి భారతీయ వ్యాసాలను గుర్తిస్తే ఇండియానా రాష్ట్రపు వ్యాసాలు కూడా కలుస్తాయి. వేరే విషయాలలో ఇది చిన్న పొరపాటే కావచ్చు. కానీ ఈ రంగంలో పేరుమోసిన రీజెన్‌స్ట్రీఫ్ సంస్థ ఉన్నది ఇండియానాపొలిస్‌లోనే. ఆసుపత్రి రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అక్కడ 1970లలోనే మొదలైంది. ఆ ఒక్క కలగలుపుతోనే భారతదేశం వాటా బాగా ఉబ్బిపోగలదు. ప్రచురణ దేశం అనే గడి కూడా పత్రిక వెలువడే దేశాన్ని చెబుతుందే గాని రచయిత దేశాన్ని చెప్పదు.

రచయితల పట్టిక వేసేటప్పుడు మన పేర్లే మనకు ఎదురు తిరుగుతాయి. ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాసుకునే పి. వెంకటేశ్వర్లు ఒక పత్రికలో 'వెంకటేశ్వర్లు పి' అవుతారు. మరో పత్రిక ఇంటిపేరును పూర్తిగా రాయమంటే అక్కడ ఆయన వేరే మనిషి అవుతారు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) సంఖ్య ఉన్నచోట దానితో సరిచూసుకోవాలి. లేనిచోట పేరు, ఊరు, సహరచయితలు ఈ మూడూ కలిస్తేనే ఒకరని తేల్చాలి. అంత ఓపిక లేకపోతే అత్యధికంగా రాసినవారి పట్టికను వదిలేయడం మంచిది, తప్పుడు పట్టిక ఒకరి కీర్తిని మరొకరికి కట్టబెడుతుంది.

పత్రికల వారీ లెక్కలో పేరు మారిన పత్రికలను కలిపి చూడాలి. 1967లో మొదలైన కంప్యూటర్స్ అండ్ బయోమెడికల్ రీసెర్చ్ పత్రికే 2001 నుంచి జర్నల్ ఆఫ్ బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్. కీలక పదాల మధ్య సంబంధాల పటం కావాలంటే లైడెన్ విశ్వవిద్యాలయం వారి వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పబ్‌మెడ్ ఫైలును నేరుగా చదువుతుంది. రంగుల పటం చూడముచ్చటగానే ఉంటుంది గాని, దానికి ముందు ఒకే అర్థమున్న పదాలను కలపకపోతే అందులో చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు.

చర్చ రాసేటప్పుడు సంఘటనలను గీతకు అతికించే కోరిక బలంగా కలుగుతుంది. మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. 2020లో టెలిమెడిసిన్ వ్యాసాలు పెరిగితే, దానికి కారణం మార్గదర్శకాలా, కోవిడ్‌పై వచ్చిన వ్యాసాల వెల్లువా అన్నది ఈ లెక్కతో తేలదు. కోవిడ్ మాట ఉన్న వ్యాసాలను తీసేసి మళ్లీ గీత గీసి, రెంటినీ పక్కపక్కన చూపితే చాలు. అధ్యయనం చేసి, రాసి, సమీక్ష దాటి అచ్చు కావడానికి తరచుగా ఏడాదికి పైగా పడుతుంది కనుక, ఒక పథకం ప్రభావాన్ని అది మొదలైన ఏడాదిలోనే వెతకడం సరికాదు.

పద్ధతుల భాగంలో వెతికిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా, వెతికిన తేదీతో, వచ్చిన పద్దుల సంఖ్యతో సహా ఇవ్వాలి. పబ్‌మెడ్‌లో పాత సంవత్సరాల పద్దులు కూడా చేరుతూ, సవరణ పొందుతూ ఉంటాయి. తేదీ లేకపోతే గైడుగారు ఆరు నెలల తరువాత అదే వెతుకులాట చేసి వేరే సంఖ్య చూపినప్పుడు ఏది సరైనదో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. దింపుకున్న ఫైళ్లను సవరించకుండా ఒక ప్రతి దాచుకుని, మరో ప్రతి మీద మాత్రమే పని చేయాలి.