రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా? ఆకుకూర మానేయకండి, లెక్క తప్పనివ్వకండి

గుండె వాల్వ్ మార్పించుకుని వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వాడుతున్నవాళ్ళు ఇంటికి రాగానే చూడ్డానికొచ్చినవాళ్ళు చెప్పే మొదటి మాట, 'ఇక ఆకుకూర ముట్టుకోకు' అని. మా అమ్మకీ అదే చెప్పారు. వారానికి మూడుసార్లు తోటకూర పప్పు తినే మనిషి నెల రోజులు పూర్తిగా మానేసింది, మేమూ మంచిదే అనుకున్నాం. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మితే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. టెస్ట్ చేయిస్తే 3 దగ్గర ఉండాల్సిన ఐఎన్ఆర్ 4.8 ఉంది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె అది, పెరిగేకొద్దీ రక్తం కారే భయం ఎక్కువ. డాక్టరుగారు ముందు మాత్రల గురించి అడగలేదు, 'తిండిలో ఏం మార్చారమ్మా?' అనే అడిగారు.

సంగతేంటంటే, రక్తం గడ్డకట్టడానికి లివర్ కొన్ని ప్రోటీన్లు తయారుచేస్తుంది, వాటికి విటమిన్ కె కావాలి. ఈ మాత్రలు ఆ విటమిన్ పనికే అడ్డుపడతాయి. ఆకుకూరల్లో ఉండేది అదే విటమిన్. అమ్మకి డోసు కుదిర్చింది ఆమె ఆకుకూర తినే రోజుల్లో, కాబట్టి కూర మానేసరికి అదే మాత్ర ఎక్కువైపోయింది. మామూలుగా తినని మనిషి ఒక్కసారిగా రోజూ పాలకూర మొదలుపెడితే దీనికి తిరగబడి జరుగుతుంది: ఐఎన్ఆర్ పడిపోయి, వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం వస్తుంది. నాకు ఎక్కువ భయం దీని గురించే, ఎందుకంటే చిగుళ్ళలో రక్తం కంటికి కనిపిస్తుంది, లోపల కట్టే గడ్డ కనిపించదు.

అందుకే చేయాల్సింది మానేయడం కాదు, ప్రతివారం ఇంచుమించు ఒకేలా తినడం. మా ఇంట్లో మంగళ, గురు, ఆదివారాలు ఆకుకూర. నలుగురికి రెండు చిన్న కట్టలు, అమ్మకి ఒక గరిటె పప్పు. తోటకూర బదులు పాలకూరో గోంగూరో వండినా ఆ గరిటె దాటదు. పోపులో కరివేపాకు, చారులో నాలుగు రెమ్మల కొత్తిమీరకి కంగారు పడక్కర్లేదు. సొరకాయ, బీరకాయ, దొండకాయల్లో ఈ విటమిన్ తక్కువే. మునగాకు పొడి దగ్గర మాత్రం ఆగండి, ఎండబెట్టిన ఆకు కాబట్టి రెండు చెంచాల్లోనే బోలెడంత పడుతుంది. ఆషాఢంలో మునగాకు కూర తినే అలవాటుంటే ముందే డాక్టరుకి చెప్పండి. కార్తీకమాసం ఒంటిపూట భోజనాలు, రంజాన్ ఉపవాసాలు, అయ్యప్ప దీక్ష, వీటికి కూడా అంతే.

జ్వరమో విరేచనాలో పట్టుకుని మూడు నాలుగు రోజులు గంజితో గడిపితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. దానికితోడు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకుంటే ఇంకా పెరగొచ్చు. ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా అస్సలు వేసుకోకండి. మద్యం కూడా వద్దు. వంటలో వేసే పసుపు, వెల్లుల్లి పర్వాలేదు కానీ క్యాప్సూల్స్‌గా అమ్మేవి, కషాయాలు, మూలికల పొడులు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇదంతా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్ళకే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సాబాన్, రివరోక్సాబాన్ లాంటివాటికి ఆకుకూరతో పేచీ లేదు, అయితే రివరోక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోపాటే వేసుకోవాలి. అపిక్సాబాన్, రివరోక్సాబాన్ లాంటి కొత్త మందులకి ఆకుకూర బాధ లేదు కదా అని మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళు సొంతంగా వాటికి మారిపోకూడదు, వాళ్ళకి అవి పనికిరావు.

తిండి మారిందని డోసు మీరే తగ్గించకండి, పెంచకండి. ఈరోజు తిన్నదాని ఫలితం టెస్టులో రెండు మూడు రోజుల తర్వాత గానీ తేలదు. మాత్ర మర్చిపోతే మర్నాడు రెండు వేయొద్దు. మలం నల్లగా తారులా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి, వెళ్ళగానే ఈ మాత్ర పేరు చెప్పండి. అమ్మ పర్సులో ఆ పేరు, డోసు, చివరి ఐఎన్ఆర్ రాసిన చీటీ ఎప్పుడూ ఉంటుంది. టెస్ట్ అయిన ప్రతిసారీ పాతది చింపి కొత్తది పెడతాను.