మనిషి కణాలతో ఎలుక రెటీనాను కాపాడే ప్రయోగం: చేసే తీరు

మనిషి మూలకణాల నుంచి పెంచిన వర్ణక కణాలు (రెటీనా వెనుక పొరగా ఉండే రంగు కణాలు) రెటీనాను కాపాడగలవా అన్నది పరీక్షించడానికి పరిశోధకులు ఎక్కువగా ఎంచుకున్నది ఆర్‌సీఎస్ అనే, రెటీనా వంశపారంపర్యంగా క్షీణించే జాతి ఎలుకలను. మెర్‌టీకే అనే జన్యువులోని లోపం వల్ల, కాంతిగ్రాహక కణాలు రోజూ విడిచే ముక్కలను వీటి వర్ణక కణాలు మింగలేవు. ఆ వ్యర్థం పేరుకుపోయి, సుమారు 3 నెలల వయసుకల్లా కాంతిగ్రాహకాల్లో అధికభాగం నశిస్తుంది. అందుచేత ఇక్కడ పోయిన చూపును తిరిగి తేవడం కాక, పోబోయే చూపును నిలపడమే లక్ష్యం. కణాలను 21 రోజుల వయసు ప్రాంతంలోనే ఎక్కించడానికి కారణం అదే.

ముందుగా జంతు నైతిక కమిటీ, మూలకణ పరిశోధన కమిటీ రెండింటి అనుమతీ పొందాలి. వర్ణక కణాలుగా మారని మూలకణాలు ఏ కొన్ని మిగిలినా టెరటోమా అనే కణితి పెరగవచ్చు కనుక, అవి లేవని నిర్ధారించుకోవాలి. జాతి వేరు కావడంతో ఎలుక శరీరం ఈ కణాలను తిరస్కరిస్తుంది. దానిని అణచడానికి ముందురోజు నుంచే తాగునీటిలో సైక్లోస్పోరిన్ అనే మందు కలిపి, ప్రయోగం ముగిసేదాకా కొనసాగించాలి. మత్తు ఇచ్చిన ఎలుకకు సన్నని గాజు పిపెట్‌తో రెటీనా కిందికి సుమారు 2 మైక్రోలీటర్ల ద్రావణం మాత్రమే ఎక్కించాలి.

అసలు కష్టం పోలిక గుంపులను ఎంచుకోవడంలో ఉంది. సూది గాయం వల్లనే చుట్టుపక్కల కాంతిగ్రాహకాలు కొంతకాలం నిలుస్తాయని 1990 నాటికే తెలిసింది. కాబట్టి కణాలు లేని ద్రావణం ఎక్కించిన గుంపు, ఏ చికిత్సా లేని గుంపు రెండూ ఉండాలి. సైక్లోస్పోరిన్ అన్నిటికీ ఒకే మోతాదులో ఇవ్వాలి, లేకుంటే మందు ప్రభావాన్ని కణాల ప్రభావంగా పొరబడతాం. తిరిగే చారలను ఎలుక తలతో అనుసరించే తీరును, ఎలక్ట్రోరెటినోగ్రామ్‌ను (వెలుగుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను) కొలిచే వ్యక్తికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. ఈ కణాలను పొందిన ఇద్దరు రోగుల తొలి ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి; మనుషుల కళ్ల దాకా వెళ్లే నిర్ణయం ఇలాంటి కొలతలపై ఆధారపడుతుంది కనుక ఇందులో తొందర తగదు.

చివరగా కంటిని కోసి చూసేటప్పుడు ఎక్కించిన కణాలను పోల్చుకోవడానికి వాటిలో ఉంచే మెరిసే ప్రొటీన్ గుర్తును మాత్రమే నమ్మరాదు. కాంతిగ్రాహక కణాల మార్పిడిలో ఆ ప్రొటీన్ ఎక్కించిన దాత కణాల నుంచి, వాటిని పొందిన జంతువు సొంత కణాల్లోకి చేరుతుందని 2016లో పలు బృందాలు చూపాయి. జాతులు వేరు కావడం ఇక్కడ కలిసొస్తుంది: మనిషి కేంద్రకాన్ని మాత్రమే గుర్తించే ప్రతిరక్షకంతో రంగు వేసి, నిలిచిన మనిషి కణాలను లెక్కించి, అవి ఉన్న చోటి కాంతిగ్రాహక వరుసలను ఆ చోటుకు దూరంగా ఉన్న రెటీనాలోని వరుసలతో పోల్చాలి.