పాత కంప్యూటర్లలో షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదా? ముందు సందేశం చదవండి

షేర్ చేసిన ఫోల్డర్ తెరుచుకోకపోతే చాలామంది విసుగెత్తి ‘ఎవ్రీవన్’కు ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ తర్వాత నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరి చేతిలోనైనా మీ ఫైళ్లు చెరిగిపోవచ్చు. తెర మీద వచ్చిన సందేశాన్ని నిదానంగా చదవండి. దారి దొరకలేదని చెబుతోందంటే మీరు ఇంకా గుమ్మం దాకా చేరలేదు. అప్పుడు పర్మిషన్లు ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు. ‘యాక్సెస్ డినైడ్’ అంటోందంటే గుమ్మం దాకా వెళ్లారు, తలుపే తీయడం లేదు. ఈ తేడా పట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

అవతలి కంప్యూటర్ కనిపించడం లేదు

రన్ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పక్కనే ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా) ఇవ్వండి: \\192.168.1.5 లాగా. తెరుచుకుంటే దారి బాగానే ఉంది, పేరు వెతకడంలోనే తేడా వచ్చింది. రెండు కంప్యూటర్లలోనూ వర్క్‌గ్రూప్ (ఒకే జట్టుగా కనిపించే కంప్యూటర్ల గుంపు) పేర్లు చూడండి. విండోస్ ఎక్స్‌పీ హోమ్‌లో అది మొదటినుంచీ ‘ఎంఎస్‌హోమ్’, ప్రొఫెషనల్‌లో ‘వర్క్‌గ్రూప్’. రెండింటికీ ఒకే పేరు పెడితే చాలు.

ఐపీ అడ్రస్‌తోనూ రాకపోతే బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఎక్స్‌పీలో అది దానంతటదే పనిచేస్తుంది. ఫైర్‌వాల్ సెట్టింగుల్లోని ‘ఎక్సెప్షన్స్’లో ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’కు టిక్ పెట్టండి. విండోస్ 7 అయితే నెట్‌వర్క్ రకం ‘పబ్లిక్’గా ఉందేమో చూసి ‘హోమ్’ లేదా ‘వర్క్’గా మార్చండి.

కొత్త కంప్యూటర్ నుంచి ఎక్స్‌పీ ఫోల్డర్ తెరుచుకోదు

ఎక్స్‌పీకి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి ఒక్కటే తెలుసు. 2017లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 10లో అది మామూలుగా ఉండదు. ‘విండోస్ ఫీచర్స్’లో టిక్ పెట్టి తెచ్చుకోవచ్చు గానీ, నేను వద్దనే చెబుతాను. అదే ఏడాది మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. మీ దగ్గర విండోస్ 7 కంప్యూటర్ ఉంటే దానికి పాత, కొత్త పద్ధతులు రెండూ వచ్చు. ఆ లోపాన్ని పూడ్చడానికి 2017 మార్చిలో వచ్చిన ప్యాచ్ అందులో ఉందని ఖాయం చేసుకుని, ఫోల్డర్‌ను అక్కడ పెడితే రెండువైపుల వారూ చేరుకోగలరు.

పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా ఒప్పుకోదు

లాగిన్ పెట్టెలో యూజర్ పేరు స్థానంలో ‘గెస్ట్’ అని బూడిద రంగులో, మార్చడానికి వీల్లేకుండా కనిపిస్తోందా? అది సింపుల్ ఫైల్ షేరింగ్ పని. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్రతివారినీ అది గెస్ట్‌గానే చూస్తుంది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ‘ఫోల్డర్ ఆప్షన్స్’, ‘వ్యూ’ తెరిచి, జాబితా చివర ఉన్న ‘యూజ్ సింపుల్ ఫైల్ షేరింగ్’కు టిక్ తీసేయండి. హోమ్ ఎడిషన్‌లో ఆ వీలు లేదు.

ఇక ఖాతాకు అసలు పాస్‌వర్డే లేకపోతే, ఆ ఖాతాతో నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వరు. పాస్‌వర్డ్ పెట్టండి. రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంటే మళ్లీ మళ్లీ అడగదు.

యాక్సెస్ డినైడ్, లేదా ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ కాదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఫోల్డర్‌కు రెండు తలుపులున్నాయి. ‘షేరింగ్’ ట్యాబ్‌లోని పర్మిషన్ నెట్‌వర్క్ నుంచి వచ్చేవారికే వర్తిస్తుంది. ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లోనిది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి కూడా వర్తిస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది. సెక్యూరిటీలో అన్నీ ఇచ్చి, షేరింగ్‌లో ‘రీడ్’ మాత్రమే వదిలేస్తే సేవ్ కాదు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో షేరింగ్ మొదట ‘ఎవ్రీవన్ - రీడ్’గానే ఉంటుంది.

ఆ ఫోల్డర్ వాడేవారితో ఒక గ్రూపు కట్టండి. షేరింగ్‌లో ఆ గ్రూపుకు ‘చేంజ్’, సెక్యూరిటీలో ‘మాడిఫై’ ఇవ్వండి. ‘డినై’ జోలికి వెళ్లకండి. ‘ఎవ్రీవన్’కు డినై పెడితే అందులో మీరూ ఉంటారు.

సెక్యూరిటీ ట్యాబే లేదా? సింపుల్ షేరింగ్ ఇంకా ఆన్‌లో ఉండాలి, లేదా డ్రైవ్ ఫ్యాట్32 (పర్మిషన్లు దాచుకోలేని పాత ఫార్మాట్) అయి ఉండాలి. ఫ్యాట్32ను కన్వర్ట్ కమాండ్‌తో, పర్మిషన్లు ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌గా మార్చవచ్చు. తిరిగి వెనక్కి మార్చే కమాండ్ లేదు కాబట్టి బ్యాకప్ తీశాకే ముట్టుకోండి.

అన్ని ఫైళ్లూ తెరుచుకుంటాయి, ఒక్కటి మొరాయిస్తుంది

ఆ ఫైలు అక్కడికి ఎలా వచ్చిందో అడగండి. అదే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోని సొంత ఫోల్డర్ నుంచి కట్ చేసి పేస్ట్ చేసి ఉంటారు. అలా తరలించిన ఫైలు తన పాత పర్మిషన్లను వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేసిన ఫైలైతే కొత్త ఫోల్డర్ పర్మిషన్లనే తీసుకుంటుంది. కాబట్టి ఆ ఫైలు యజమానిని అక్కడే ఒక కాపీ చేయమనండి. కాపీ అందరికీ తెరుచుకుందని చూసుకున్నాక పాతదాన్ని తీసేయవచ్చు.

పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నానికి కొందరికి రావడం లేదు

ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఒకేసారి 10 కనెక్షన్లు, హోమ్ 5 మాత్రమే తీసుకుంటాయి. ‘కంప్యూటర్ మేనేజ్‌మెంట్’లో ‘షేర్డ్ ఫోల్డర్స్’ కింద ‘సెషన్స్’ తెరిస్తే ఎవరెవరున్నారో, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉన్నారో కనిపిస్తుంది. ‘ఓపెన్ ఫైల్స్’ గడిలో సున్నా ఉన్న సెషన్‌ను మూసేయండి. ఫైలు తెరిచి ఉన్నవారిని మాత్రం అడగకుండా తెంచకండి, వారు సేవ్ చేయని పని పోవచ్చు.